పక్కకి చూస్తూ ముందుకి పోయే కారు

రండర్రా, ఆ చాప ఇటు లాగి కూర్చోండి. ఫోను దాచకండి, నాకూ చూడాలనే ఉంది. ఇందాకట్నుంచి తలకాయలన్నీ ఒకచోట పెట్టి మీరు చూస్తున్న ఆ కారు సంగతి ఈ ముసలాడికేం తెలుస్తుందనుకున్నారు కదూ? అది నిస్సాన్ వాళ్ళ సిల్వియా. అందులోనూ ఎస్-15 అనే రకం. రెండే తలుపులు. ఇంజను ముందుంటుంది, బండిని తోసేవి వెనక చక్రాలు. 1999లో మొదలుపెట్టి 2002లో ఆపేశారు. కంపెనీ ఆపేసింది గానీ డ్రిఫ్ట్ పోటీల వాళ్ళు మాత్రం దాన్ని ఇప్పటికీ వదల్లేదు. పాత బళ్ళని వెతికి పట్టుకొచ్చి, ఊడదీసి, మళ్ళీ బిగించి పోటీకి దింపుతున్నారు.

"కారు అడ్డంగా పోతోంది, డ్రైవరుకి నడపడం రాదా తాతయ్యా?" అని అడిగింది చూడండి చిన్నది, అక్కణ్ణుంచే మొదలుపెడదాం. నడపడం రానివాడి కారు కూడా అడ్డం తిరుగుతుంది, ఆ మాట నిజమే. కానీ వాడిది తిరగడం మొదలెట్టాక ఆగదు. గిర్రున తిరిగిపోయి, వచ్చిన దారినే చూస్తూ నిలబడుతుంది. వచ్చినవాడి కారు తిరగాల్సినంతే తిరుగుతుంది. ఆ వాలు అలాగే పట్టుకుని మలుపంతా దాటేస్తుంది. కారు ముక్కు మలుపు లోపలికి చూస్తుంటుంది, కారు పోయేదేమో రోడ్డు వెంట. ఆ రెండు దిక్కుల మధ్య కోణాన్ని ఎంత పెద్దది చేసి ఎంతసేపు నిలబెడితే అంత మొనగాడన్నమాట.

మీరు పుట్టకముందు, 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచేదాకా, ఊళ్ళోకి వచ్చే విమానాలన్నీ మన పక్కనున్న బేగంపేటలోనే దిగేవి. గాలి పక్కనుంచి కొట్టే రోజున చూడాలి వాటిని. విమానం ముక్కు రన్‌వే వైపు ఉండదు, గాలి వచ్చే వైపుకి కాస్త తిరిగి ఉంటుంది. విమానం మాత్రం తిన్నగా రన్‌వే మీదికే వస్తుంది. కొత్తగా చూసేవాళ్ళకి గుండె జారిపోయేది. పైలట్‌కి అది మామూలు పనే. గాలి పక్కకి ఎంత నెడుతుందో లెక్క చూసుకుని అంత మేర ముక్కు తిప్పి ఉంచుతాడు, చక్రాలు నేలని తాకేవేళకి సరిచేసుకుంటాడు. ఒక వస్తువు చూసే దిక్కూ పోయే దిక్కూ ఒకటే కానక్కర్లేదు. విమానం విషయంలో ఆ తేడాకి కారణం గాలి. మరి కారుకి? కారుకి ఉన్నవల్లా నాలుగు టైర్లు.

ఒక్కో టైరు రోడ్డుని తాకేది ఎంత మేర అనుకుంటున్నారు? సుమారుగా మీ నాన్న అరచెయ్యంత. అంతే! సిల్వియా బరువు పన్నెండు వందల కిలోల పైచిలుకు. అంత బరువుని పట్టి ఉంచేవి, ఆపేవి, తిప్పేవి ఆ నాలుగు అరచేతులే. ఈ సంగతి తెలిశాక నేను ఏ కారుని చూసినా ముందు టైర్లే చూస్తాను. రంగూ, లైట్లూ, ఆ వెనక కట్టిన రెక్కా తరవాతి మాట.

ఇప్పుడు కాసేపు భోజనాల గదిలోకి రండి. మీ నానమ్మ వడ్డిస్తోంది. మనిషికి ఒక్క గరిటె నెయ్యి, రెండోసారి అడిగితే లేదు. అది ముద్దపప్పులో పోసుకుంటావా, ఆవకాయన్నంలో పోసుకుంటావా నీ ఇష్టం. సగం ఇటు సగం అటు కూడా పోసుకోవచ్చు. మొత్తం పప్పులోనే వంపేసుకుంటే మాత్రం ఆవకాయకి ఏమీ మిగలదు, నోరు మండి గంతులెయ్యాల్సిందే. టైరుకుండే పట్టు కూడా ఇంతే, ఒక్క గరిటె. బండిని ముందుకి తొయ్యడానికి అందులోంచే తియ్యాలి. బ్రేకు వెయ్యడానికి అందులోంచే. మలుపులో పక్కకి జారకుండా నిలబడ్డానికీ అందులోంచే. తిన్నగా పోతూ గట్టిగా బ్రేకు వేస్తే ఫరవాలేదు, మొత్తం గరిటె బ్రేకుకే ఇవ్వొచ్చు. మలుపు మధ్యలో, సగం నెయ్యి ఇప్పటికే తిరగడానికి ఖర్చయిపోయి ఉండగా, అంత బ్రేకూ వేస్తే ఇంకెక్కణ్ణుంచి తెస్తుంది పాపం?

గరిటె సైజు కూడా ఎప్పుడూ ఒక్కలాగే ఉండదు. టైరుని నేలకి ఎంత బరువు అదిమితే గరిటె అంత పెద్దది. ఆటో డ్రైవరు సడన్ బ్రేకు వేస్తే మనమంతా ముందుకి తూలుతాం కదా, అప్పుడు బండి బరువు కూడా ముందు చక్రం మీదికి ఒరుగుతుంది. వెనక చక్రాలు తేలికపడతాయి, వాటి గరిటె చిన్నదైపోతుంది. ఇక రోడ్డు తడిస్తే అందరి గరిటెలూ ఒక్కసారే చిన్నవవుతాయి. జూన్‌లో మొదటి వాన పడ్డప్పుడు అమీర్‌పేట మైత్రీవనం దగ్గర నిలబడి చూడండి. నెలల తరబడి బళ్ళు కార్చిన ఆయిలూ, టైర్లు అరిగి రాలిన రబ్బరు పొడీ, మెట్రో స్తంభాల కింద పేరుకున్న దుమ్మూ ఆ నాలుగు చినుకులతో కలిసి మడ్డిలా తయారవుతాయి. కోచింగు సెంటర్ల నుంచి వచ్చే పిల్లల స్కూటర్లు అక్కడే సర్రుమంటాయి. మంచి వాన గట్టిగా ఓ గంట కురిసి రోడ్డు కడిగేస్తే జారడం కొంత తగ్గుతుంది. అంటే కుండపోత కన్నా ఆ తొలి చినుకులకే ఎక్కువ భయపడాలి. ఇది బండి నడిపేవాళ్ళలో చాలామందికి తెలియదు, మీరు తెలుసుకోండి.

సరే, ఇప్పుడు డ్రిఫ్ట్ చేసేవాడు ఏం చేస్తాడో చూడండి. మలుపు వస్తోంది. వాడు కావాలనే వెనక రెండు చక్రాల నెయ్యీ ఖాళీ చేసేస్తాడు. ఎలా? యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే వెనక చక్రాలు కారు పోతున్న వేగం కన్నా ఎక్కువ వేగంగా గిరగిరా తిరుగుతాయి. వాటి దగ్గరున్న పట్టంతా ఆ తిప్పుడుకే పోతుంది. పక్కకి జారకుండా నిలబడ్డానికి ఇక మిగల్దు. అందుకని కారు తోక మలుపు బయటికి కొట్టుకుపోతుంది. ముందు చక్రాల నెయ్యి మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది, ఎందుకంటే వాటిని ఇంజను తిప్పదు. అవి రోడ్డుని కరిచిపట్టుకుని ఉంటాయి. ముందు పట్టు, వెనక జారుడు. ఈ ఆటంతా ఈ రెండు మాటల్లోనే ఉంది, ఆ కారుకి చేసే మార్పులన్నీ ఈ రెండు మాటల కోసమే. అయితే జారే టైరులో పట్టు పూర్తిగా పోతుందనుకోకండి. నెయ్యి వంపేశాక కూడా గిన్నెకి జిడ్డు అంటుకుని ఉంటుందా లేదా? ఆ జిడ్డుతోటే వాడు కారుని ముందుకి తోసుకుంటూ పోతాడు. యాక్సిలరేటరు కాస్త ఎక్కువైతే తోక ఇంకా బయటికి పోతుంది, కాస్త తగ్గిస్తే లోపలికి వస్తుంది. మామూలు కారులో దిక్కు మార్చేది స్టీరింగు ఒక్కటే. ఇక్కడ పాదం కూడా సగం స్టీరింగే.

తోకని మొదట కదిలించడానికి చాలా ఎత్తులున్నాయి. హ్యాండ్‌బ్రేకు లాగి వెనక చక్రాలని ఓ క్షణం బిగించేస్తారు. క్లచ్చి తొక్కి, ఇంజనుని బుర్రుమనిపించి, టక్కున వదుల్తారు, ఆ కుదుపుకి చక్రాలు పట్టు వదిలేస్తాయి. నాకు నచ్చింది మాత్రం ఇంకోటి. కుడివైపు తిరగాల్సినవాడు ముందు ఎడమకి తిప్పుతాడు. బండి బరువంతా ఒక పక్కకి ఒరుగుతుంది. వెంటనే కుడికి కొడతాడు. ఒరిగిన బరువు ఊపుగా ఇటు వచ్చి పడేసరికి వెనక భాగం దానంతటదే విసురుగా జారుతుంది. మంచు రోడ్ల మీద ర్యాలీలు నడిపే ఉత్తర ఐరోపా వాళ్ళ దగ్గర బాగా పేరుబడ్డ ఎత్తు ఇది.

ఇప్పుడా వీడియో మళ్ళీ పెట్టండి, నెమ్మదిగా తిప్పండి. ఆఁ, అక్కడ ఆపు. డ్రైవరు చేతులు చూడండి. కారు జారడం మొదలైన ఆ క్షణంలో చేతులు స్టీరింగు వదిలేశాయి! చక్రం దానంతటదే బొంగరంలా ఎదురువైపుకి తిరిగిపోతోంది. అరచేతులు తెరిచి దాన్ని పోనిస్తున్నాడు, కావల్సిన చోటికి రాగానే గప్పున పట్టుకున్నాడు. మాయ ఏమీ లేదు. సూపర్‌మార్కెట్లో ట్రాలీని ముందుకి తోసి, ఉన్నట్టుండి వెనక్కి లాగి చూడండి. దాని చిన్న చక్రాలు గిరుక్కున తిరిగి, మనం లాగే వైపుకి సర్దుకుంటాయి. చక్రం తిరిగే ఇరుసు కన్నా నేలని తాకే చోటు కాస్త వెనకబడి ఉండటం వల్ల అలా జరుగుతుంది. కారు ముందు చక్రాలని కూడా ఆ పద్ధతిలోనే కొంచెం వాల్చి బిగిస్తారు. కారు ముక్కు ఎటు తిరిగినా ముందు చక్రాలు మాత్రం కారు నిజంగా పోతున్న దిక్కుకే తిరగాలని చూస్తాయి. కారు కుడి మలుపులో ఉంటుంది, ముక్కు కుడికి తిరిగి ఉంటుంది, ముందు చక్రాలేమో ఎడమకి తిరిగి ఉంటాయి. ఆ బొమ్మని ఆపి చూడండి, ఎంత బాగుందో! కారులో అన్నీ పక్కచూపులు చూస్తుంటే, ఆ రెండు చక్రాలే పోవాల్సిన దారిని చూస్తున్నాయి.

ఇక బండికి చేసే వైద్యం సంగతి. మామూలు కారు ముందు చక్రాలు ముప్పయ్యయిదు, నలభై డిగ్రీల దాకా తిరుగుతాయి, ఆ పైన ఆగిపోతాయి. మన రోడ్ల మీద యూటర్నుకి అది చాలు. కానీ కారు యాభై డిగ్రీలు వాలి జారుతుంటే చక్రాలు కూడా ఎదురువైపుకి అంతకంత తిరగాలి కదా! అందుకని చక్రాన్ని పట్టుకునే చేతుల దగ్గర్నుంచి స్టీరింగు కడ్డీల దాకా అన్నీ మార్చి, అరవై డిగ్రీలు, ఆ పైన కూడా తిరిగేలా చేస్తారు. దీని వెనక ఓ పాత కథ ఉంది. మామూలు బండి మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం చిన్న వలయంలో, బయటి చక్రం పెద్ద వలయంలో పోతాయి. కాబట్టి లోపలి చక్రం కాస్త ఎక్కువ తిరగాలి. లేకపోతే ఏదో ఒకటి నేలకి రాసుకుంటూ పోతుంది. మ్యూనిక్‌లో లాంకెన్‌స్పెర్గర్ అనే గుర్రబ్బగ్గీల పనివాడు దీనికో ఉపాయం కనిపెట్టాడు. 1818లో లండన్‌లో దాని పేటెంటు తీసుకున్నది మాత్రం ఆకర్‌మన్ అనే ఆయన. చేసే పనేమో పుస్తకాలూ బొమ్మలూ అచ్చేసి అమ్మడం! ఉపాయం ఒకరిది, పేరు ఇంకొకరికి. ఇప్పటికీ ప్రతి కారూ ఆ పేరే మోస్తోంది. డ్రిఫ్ట్ కారు కట్టేవాళ్ళు ఆ ఉపాయాన్ని చాలావరకు తీసి పారేస్తారు. ఎందుకంటే జారుతున్నప్పుడు ముందు చక్రాలు రెండూ ఇంచుమించు ఒకే దిక్కు చూడాలి, లేకపోతే ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి.

వెనక చక్రాల దగ్గర ఇంకో తమాషా ఉంది, దాని కోసం ఒక చిన్న లెక్క చెయ్యండి. పంజాగుట్ట చౌరస్తా దాటాక మీ నాన్న యూటర్ను తీసుకున్నాడు. కుడి చక్రానికీ ఎడమ చక్రానికీ మధ్య దూరం మీటరున్నర అనుకోండి. లోపలి చక్రం కన్నా బయటి చక్రం ఎంత ఎక్కువ దూరం పోయింది? పై అంటే 3.14, దాన్ని ఒకటిన్నరతో హెచ్చవేస్తే సుమారు 4.7 మీటర్లు. ఇందులో విచిత్రం ఏమిటంటే, ఇరుకు గల్లీలో బిగించి తిప్పినా, పెద్ద మైదానంలో తీరిగ్గా తిప్పినా ఆ తేడా అంతే! వలయం ఎంత పెద్దదన్నది లెక్కలోకే రాదు. నమ్మకపోతే కాయితం మీద రెండు అర్ధవృత్తాలు గీసి చూసుకోండి, పెద్దవాడు ఎలాగూ వృత్తాల పాఠం చదువుకుంటున్నాడు.

అంటే రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగితే కుదరదు. మన ఎడ్లబండికి ఈ బాధ లేదు. ఇరుసు కదలదు, చక్రాలు దేనికవే ఇరుసు మీద తిరుగుతాయి. ఇంజను తిప్పే బండికి అలా కుదరదు కదా. అందుకని 1827లో పెక్కర్ అనే ఫ్రెంచాయన, ఆవిరి బండి కోసం, తిప్పే బలాన్ని రెండు చక్రాలకీ పంచుతూనే వాటిని వేరువేరు వేగాలతో తిరగనిచ్చే పళ్ళచక్రాల అమరికకి పేటెంటు తీసుకున్నాడు. అదే డిఫరెన్షియల్. మన ఆటోలో కూడా ఉంటుంది. మెట్రో రైలుకి ఉందా? లేదు. దాని చక్రాలు రెండూ ఒకే ఇరుసుకి గట్టిగా బిగించి ఉంటాయి, కలిసే తిరుగుతాయి. మరి మలుపులో ఎలాగంటారా? రైలు చక్రం అంచు కాస్త ఏటవాలుగా ఉంటుంది, లోపలివైపు లావు, బయటివైపు సన్నం. మలుపులో రైలు కాస్త బయటికి జరిగితే, బయటి చక్రం లావు చోట, లోపలి చక్రం సన్నపు చోట పట్టా మీద దొర్లుతాయి. ఒకే చుట్టుకి రెండూ వేరువేరు దూరాలు పోతాయి! ఎవడికి తట్టిందో గానీ దణ్ణం పెట్టాలి.

డ్రిఫ్ట్ వాళ్ళకి డిఫరెన్షియల్ ఇచ్చే ఆ స్వేచ్ఛ పనికిరాదు. మామూలు డిఫరెన్షియల్ ఉంటే, బరువు తగ్గిన లోపలి చక్రం ఒక్కటే గిరగిరా తిరిగి బలమంతా వృథా చేస్తుంది. వెనక రెండు చక్రాలూ కలిసి తిరగాలి, కలిసి జారాలి. డబ్బున్నవాళ్ళు అందుకోసం వేరే రకం డిఫరెన్షియల్ కొనుక్కుంటారు. లేనివాళ్ళు పాతదాన్నే విప్పి లోపలి పళ్ళచక్రాలని వెల్డింగు పెట్టి అతికించేస్తారు. రైలు ఇరుసులాగే రెండు చక్రాలూ ఒకటైపోతాయి. అలాంటి బండిని వీధిలో మెల్లగా తిప్పితే టైర్లు కిర్రుకిర్రుమంటూ ఎగిరెగిరి పడతాయి. పోటీ ట్రాకు మీద దిగాక గానీ దాని గొప్ప తెలియదు.

హ్యాండ్‌బ్రేకూ మారిపోతుంది. మామూలు కారులో అది రెండు సీట్ల మధ్యన పడుకుని ఉంటుంది, తీగ లాగి బ్రేకు వేస్తుంది, టకటకమంటూ పళ్ళ మీద ఆగుతుంది. డ్రిఫ్ట్ కారులో నిలువుగా పొడుగాటి కర్ర, సరిగ్గా స్టీరింగు పక్కన. దాన్ని లాగితే బ్రేకు నూనె మీద నేరుగా ఒత్తిడి పడుతుంది, వెనక చక్రాలు కన్ను మూసి తెరిచేలోగా బిగుసుకుంటాయి. వదిలితే అంత చటుక్కునా వదిలేస్తాయి. ఎక్కడా ఇరుక్కోదు. ఇంజను దగ్గరికొస్తే, ఎస్-15 కి కంపెనీ ఇచ్చింది రెండు లీటర్ల టర్బో ఇంజను, 250 గుర్రాల బలం. మన పాత అంబాసిడర్‌కి యాభై చిల్లర ఉండేవని గుర్తుపెట్టుకుంటే అది తక్కువేం కాదు. కానీ పెద్ద పోటీల్లో అది చాలదు. టయోటా సుప్రాలో వచ్చిన మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను పెట్టి, దాన్ని ఎనిమిది వందలు, వెయ్యి గుర్రాల దాకా తీసుకెళ్తారు. నిస్సాన్ ఒంట్లో టయోటా గుండె! రేడియేటరుని కొందరు పీకి వెనక డిక్కీలో పెట్టేస్తారు. పక్కచూపు చూస్తూ పోయే కారుకి ముందునుంచి గాలి సరిగా తగలదు, పైగా ముక్కు గోడకి తగిలితే ముందు పగిలేది అదే. ఇంజను అడుగున ఆయిలు తొట్టిలో కూడా అడ్డుపలకలు పెట్టాలి, లేకపోతే పక్కకి జారేటప్పుడు ఆయిలంతా ఓ మూలకి చేరి పంపుకి గాలి చిక్కుతుంది.

ఇదంతా ఎవరు మొదలుపెట్టారంటే, జపానులో తకహాషి కునిమిత్సు అని ఒకాయన ఉండేవాడు. అసలు మోటారుసైకిల్ వీరుడు. 1961లో హోండా మీద గ్రాండ్ ప్రి గెలిచాడు, మోటారుసైకిల్ గ్రాండ్ ప్రి గెలిచిన తొలి జపాను మనిషి ఆయనే. తరవాత కార్లలోకి వచ్చి, 1970లలో రేసుల్లో మలుపుల దగ్గర బండిని జారనిచ్చి నడిపేవాడు. అది చూసి ముచ్చటపడ్డ కుర్రాడు త్సుచియా కెయిచి. కొండ రోడ్ల మలుపుల మీద అదే సాధన చేసి, 1987లో టయోటా ఏఈ-86 అనే చిన్న కారుతో తన విద్యని వీడియో తీయించాడు. దాంతో ఊరూరా పాకిపోయింది. డ్రిఫ్ట్ రాజు అని ఇప్పటికీ ఆయన్నే అంటారు. 1995లో షిగెనో షుయిచి మొదలుపెట్టిన బొమ్మల కథ 'ఇనిషియల్ డి'లో కుర్రాడిదీ అదే కారు. వాడు రాత్రి చివరి జామున కొండ మీది హోటలుకి టోఫూ పట్టుకెళ్తుంటాడు, టోఫూ అంటే సోయా పాల పనీరు అనుకోండి. అది చితక్కుండా ఉండటానికి వాళ్ళ నాన్న కారులో ఓ గ్లాసు నిండా నీళ్ళు పోసి పెడతాడు, చుక్క ఒలకకూడదని షరతు. బరువుని ఉన్నట్టుండి కుదిపెయ్యకుండా మెల్లగా ఒక పక్క నుంచి ఇంకో పక్కకి ఎలా చేర్చాలో వాడు నేర్చుకున్నది ఆ గ్లాసు దగ్గరే. కథే అయినా అందులో సైన్సు గట్టిది. గాజు గ్లాసుతో మన ఇంట్లో మాత్రం ప్రయత్నించకండి.

మరి ఈ కార్లే ఎందుకని మీకు అనుమానం రావాలి. అప్పట్లో జపానులో తేలిగ్గా ఉండి, వెనక చక్రాలతో నడిచి, సెకండ్ హ్యాండులో కుర్రాళ్ళకి అందే ధరకి దొరికినవి ఇవే. గోడకి గుద్దినా ఏడుపు రానంత ధర ఉండాలి కదా నేర్చుకునేవాడికి! మనకి నిస్సాన్ కొత్తదేం కాదు. ఎర్రగడ్డ దాటి సనత్‌నగర్ వెళ్తే, నిజాం కాలంలో 1942లో పుట్టిన ఆల్విన్ కంపెనీ ఉండేది. రెండంతస్తుల బస్సుల నుంచి రిఫ్రిజిరేటర్లు, చేతి గడియారాల దాకా చేశారు వాళ్ళు. 1980లలో ఆ ఆల్విన్ వాళ్ళే నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న లారీలు కట్టారు. 'ఆల్విన్ నిస్సాన్' అని రాసున్న ఆ లారీలు కూరగాయల బస్తాలతో మన రోడ్ల మీద తిరుగుతున్న రోజుల్లోనే, 1988లో, అదే నిస్సాన్ జపానులో సిల్వియా ఎస్-13 ని బయటికి తెచ్చింది. డ్రిఫ్ట్ పిచ్చిని ఇంటింటికీ చేర్చిన బండి అది. ఒకే కంపెనీ పేరు. మనకి వంకాయలు మోసే బండి వచ్చింది, వాళ్ళకి అడ్డంగా జారే బండి దొరికింది. నన్నడిగితే వంకాయల బండే ఎక్కువ పనికొచ్చింది, కానీ మీరు ఒప్పుకోరు.

ఇప్పుడు తెప్పించుకుందామన్నా తేలిక కాదు. మూడేళ్ళు దాటిన పాత కారుని మన దేశంలోకి మామూలుగా రానివ్వరు. ఉన్న కారుని మార్చుకుందామంటే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడ్డు. కంపెనీ ఇచ్చిన రూపం మార్చి రోడ్డెక్కించడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. కాబట్టి ఇలాంటి బండిని కట్టినా ట్రాకు దాకా వేరే వాహనం మీద ఎక్కించుకుని పోవాల్సిందే. పంజాగుట్ట ఫ్లైఓవరు మీద రాత్రిపూట విన్యాసాలు చేసేవాళ్ళని చూసి అదే ఇదీ అనుకోకండి, వాళ్ళు చేసేదానికి ఆ పేరు పెట్టడం నాకు నచ్చదు.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ల ఫార్ములా-ఈ రేసు జరిగింది కదా, నెక్లెస్ రోడ్డు మూసేసి ట్రాకు వేశారు. జాన్-ఎరిక్ వెర్న్ అనే ఫ్రెంచాయన గెలిచాడు. నిస్సాన్ జట్టు కూడా పోటీలో ఉంది. ఆ కార్లనీ తోసేవి వెనక చక్రాలే. కానీ అక్కడ జారితే నష్టం. జారిన ప్రతిసారీ పట్టు వృథా, వేగం వృథా, గడియారం ఒప్పుకోదు. డ్రిఫ్ట్ పోటీలో గడియారమే ఉండదు, మన నాట్యం పోటీలకి కూర్చున్నట్టు జడ్జీలు కూర్చుంటారు. జపానులో 2001 నాటికి డి-1 గ్రాండ్ ప్రి, 2004లో అమెరికాలో ఫార్ములా డ్రిఫ్ట్ అనే ఇలాంటి పోటీలు వరసగా మొదలయ్యాయి. ఏ దారిలో వెళ్ళాడు, ఎంత కోణం పట్టాడు, ఎంత ఒడుపుగా చేశాడు, ఇవీ మార్కులు. అసలు మజా జంట పోటీలో ఉంటుంది. ఇద్దరూ ఒకేసారి జారుతూ పోతారు, ముందువాడు తప్పు చెయ్యకూడదు, వెనకవాడు వాడి తలుపుకి తన ముక్కు ఆనేంత దగ్గరగా, అదే కోణంలో వెంటాడాలి. ముందున్న కారు టైర్ల పొగలో వెనకవాడికి రోడ్డు కనపడదు. తరవాత స్థానాలు మార్చుకుని మళ్ళీ పోతారు.

ఆ తెల్లటి పొగ ఏమిటో కూడా చెప్పేస్తాను. రబ్బరు మంటతో కాలుతోందనుకుంటారు గానీ మంటేమీ లేదు. రాపిడి వేడికి టైరు పైపొర మెత్తబడి, అందులో కలిపిన నూనెలు ఆవిరై, బయటి గాలి తగలగానే సన్నటి తుంపరగా మారి అలా కనిపిస్తాయి. రబ్బరు పొడి కూడా అందులో కలుస్తుంది. కొద్ది పరుగుల్లోనే వెనక టైర్లు మారుస్తారు. పూర్వం బలం తక్కువ కార్లకి వెనక కావాలనే గట్టిగా ఉండే అరిగిన టైర్లు వేసేవారు, తేలిగ్గా జారాలని. ఇప్పుడు వెయ్యి గుర్రాల బలం ఉంది గనక బాగా కరిచిపట్టే టైర్లే వేస్తారు. పట్టున్న టైరుని జారిస్తేనే వేగం వస్తుంది. 2016లో కవబాత మసాతో అనే ఆయన యూఏఈలోని ఫుజైరా విమానాశ్రయం రన్‌వే మీద నిస్సాన్ జీటీ-ఆర్‌ని 30 డిగ్రీల కోణంలో జారుస్తూ గంటకి 304.96 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. గిన్నిస్ వాళ్ళు రాసుకున్నారు. ఆ కారు కంపెనీ నుంచి వచ్చేది నాలుగు చక్రాలకీ బలం పంచే బండిగా. దాన్ని వెనక చక్రాలే తోసేలా మార్చి మరీ చేశాడు.

"మరి మా నాన్న కారు ఎందుకు చెయ్యదు?" అంటున్నాడు పెద్దవాడు. రెండు కారణాలు. పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వెనక చక్రాలతో నడిచేవి. 1983 చివర్లో మారుతి 800 వచ్చి ఇంజను బలాన్ని ముందు చక్రాలకే ఇచ్చింది. ఇప్పుడు ఇళ్ళల్లో ఉన్న చిన్నకార్లు చాలావరకు ఆ దారివే. యాక్సిలరేటరు ఎంత తొక్కినా జారేది ముక్కే, తోక కాదు. రెండోది, కారులో ఒక చిన్న కంప్యూటరు కాపలా ఉంటుంది. స్టీరింగు ఎటు తిరిగిందో, కారు నిజంగా ఎంత తిరుగుతోందో రెండూ చూసుకుంటుంది. లెక్క తప్పితే నాలుగు చక్రాల్లో ఒక్కదానికి మాత్రం బ్రేకు వేసి కారుని దారిలో పెడుతుంది. 1995లో బాష్, మెర్సిడెస్ కలిసి పెద్ద కార్లలో మొదలుపెట్టారు, ఇప్పుడు చిన్నవాటికీ వస్తోంది. వానలో మన ప్రాణాలు కాపాడేది అది. డ్రిఫ్ట్ బండి కట్టేవాడికేమో ముందు పీకి పారెయ్యాల్సింది అదే, ఎందుకంటే వాడు ఎంతో కష్టపడి తెచ్చుకున్న జారుడుని అది ప్రమాదం అనుకుని సరిచేసేస్తుంది. మీ నాన్న కారులో డాష్‌బోర్డు మీద, జారుతున్న కారు బొమ్మ వేసి ఓ బటను ఉంటుంది చూడండి, దానిదే. దాని జోలికి మాత్రం వెళ్ళకండి, తరవాత మీ నాన్న వచ్చి నన్నంటాడు.